వంపుల అచ్చుకు కార్బన్ ఫైబర్ బట్ట కత్తిరించడం ఎలా

ఒక గిన్నెను బోర్లించి దాని మీద రుమాలు పరచండి. నడినెత్తిన చక్కగా కూర్చుంటుంది. అంచు దగ్గరకు వచ్చేసరికి కుచ్చిళ్లు లేస్తాయి. ఒక కుచ్చు అణిస్తే పక్కన ఇంకొకటి లేస్తుంది. కార్బన్ ఫైబర్ బట్టను వంపుల అచ్చులో పరిచేవారి తంటా అంతా ఈ కుచ్చుతోనే.

ఒక చిన్న లెక్క చూద్దాం. 200 మి.మీ. వ్యాసం ఉన్న అర్ధగోళం అచ్చు ఉందనుకోండి. నెత్తి నుంచి అంచు దాకా వంపు వెంట కొలిస్తే 157 మి.మీ. వస్తుంది. అంత వ్యాసార్ధంతో చదునుగా గుండ్రటి ముక్క కత్తిరిస్తే దాని చుట్టుకొలత 987 మి.మీ. అచ్చు అంచు చుట్టుకొలత మాత్రం 628. అంటే 359 మి.మీ. బట్ట మిగులు. చదును వస్తువును సాగదీయకుండా గోళం మీద అతికించలేమని జర్మన్ గణితవేత్త గాస్ 1827లోనే నిరూపించాడు కాబట్టి ఈ మిగులును తప్పించుకునే దారి లేదు. నమూనా గీసేటప్పుడు తేల్చుకోవలసింది ఒక్కటే: ఈ మిగులులో ఎంత నేతలో ఇమిడిపోవాలి, ఎంత కత్తెరకు పోవాలి. అది మీరు ముందే తేల్చకపోతే రెజిన్ (బట్టను తడిపి గట్టిపరిచే జిగురు) పూసిన తరువాత, చేతులు జిగటగా ఉన్నప్పుడు, బట్టే తేలుస్తుంది.

కింది పద్ధతికి ఉదాహరణగా మోటారు సైకిలు హెడ్‌లైటు చుట్టూ ఉండే తొడుగును తీసుకుంటాను. అందులో ముక్కులాంటి ఉబ్బు ఉంటుంది, పక్కన జీనులాంటి వంపు ఉంటుంది, వెనక బిగింపు అంచు ఉంటుంది. మూడు రకాల ఇబ్బందులూ ఒకే చోట దొరుకుతాయి.

అచ్చును ముందు వేళ్లతో చదవండి

కొలబద్ద తీయకముందు అచ్చు మీద అరచేయి నడపండి. ఒక కాగితం ముక్కను అక్కడక్కడ ఆనించి చూడండి. కాగితం ముడత లేకుండా ఆనితే అక్కడ వంపు ఒకే దిశలో ఉన్నట్టు: గొట్టం, శంకువులాంటి ఆకారాలు. వాటితో చింత లేదు, ఏ బట్టయినా కూర్చుంటుంది. కాగితం అంచులు కుచ్చులు పడితే అది గోళంలాంటి వంపు, బట్ట మిగులుతుంది. కాగితం మధ్యలో ఆని అంచులు చిరుగుతానన్నట్టు బిగుసుకుంటే అది జీను వంపు, అక్కడ బట్ట చాలదు. ఈ మూడింటినీ అచ్చు మీదే మూడు గుర్తులతో రాసుకోండి. మైనం పట్టించిన అచ్చు మీద గ్రీజు పెన్సిలు నడుస్తుంది, తరువాత తుడిస్తే పోతుంది.

మా తొడుగులో ముక్కు గోళం, చెంపలు దాదాపు గొట్టం, చెంప మెడలోకి తిరిగే చోటు జీను.

బట్ట ఎంత ఒదుగుతుందో కొలవండి

కార్బన్ పోగు సాగదు. నూటికి రెండు పాళ్లకు అటూ ఇటూ సాగేసరికే తెగుతుంది. మరి బట్ట వంపులకు ఎలా ఒదుగుతుంది? పడుగు, పేక కలిసే చోట కత్తెరలా తిరగడం వల్ల. చదరం గడి వాలి సమచతుర్భుజం అవుతుంది. దీన్ని షియర్ అంటారు. ఆ వాలుకు హద్దు ఉంటుంది. పోగులు ఒకదానికొకటి ఒరుసుకొని ఇక తిరగలేనప్పుడు బట్ట పైకి లేచి ముడత పడుతుంది. 1878లో పారిస్‌లో రష్యా గణితవేత్త చెబిషెవ్ బట్టలు కత్తిరించడం మీదే ప్రసంగించాడు. సాగని దారాల వల ఒక వంపును ఎలా కప్పుతుందన్నదే ఆయన ప్రశ్న. మనం చేసేదీ అదే, కాకపోతే కత్తెర చేతబట్టుకొని.

నేతను బట్టి ఈ హద్దు మారుతుంది. సాదా నేతలో ప్రతి పోగూ పక్కదాన్ని దాటుతుంది కాబట్టి బట్ట గట్టిగా నిలుస్తుంది, వంపుకు మొండికేస్తుంది. రెండు మీద రెండు ట్విల్, అంటే ప్రతి పోగూ రెండింటి మీదుగా, రెండింటి కిందుగా నడిచే నేత, మధ్యస్థం. శాటిన్ నేత నీళ్లలా ఒదుగుతుంది, కానీ చేత్తో ఎత్తితేనే పోగులు చెదిరిపోతాయి. మొదటిసారి చేసేవారికి చదరపు మీటరుకు 200 గ్రాముల ట్విల్ చాలని నా అభిప్రాయం. ఒకే దిశలో పోగులున్న టేపు రకం మాత్రం గోళం మీదికి తేకండి. పెట్టక తప్పకపోతే సన్నటి పట్టీలుగా కోసి పెట్టండి.

హద్దు తెలుసుకోవడానికి బట్ట ముక్క మీద వెండి రంగు పెన్నుతో, పోగుల వెంటే, 20 మి.మీ. గడులు గీయండి. గీత పోగు మీదే నడవాలి, లేకపోతే కొలత అబద్ధం చెబుతుంది. ఆ ముక్కను అచ్చు మీద పొడిగా పరిచి సర్దండి. బాగా వాలిన గడిని వెతికి దాని పొట్టి కర్ణాన్ని స్కేలుతో కొలవండి. వాలని గడిలో అది 28 మి.మీ. ఉంటుంది. 20 మి.మీ.కు తగ్గితే, అంటే భుజంతో సమానమైతే, వాలు సరిగ్గా 30 డిగ్రీలు. 17 అయితే 40 డిగ్రీలు. 15 దాకా వస్తే 45 డిగ్రీలు, అక్కడ చాలా బట్టలు చేతులెత్తేస్తాయి. కోణమానిని అక్కర్లేదు, స్కేలు చాలు.

వాలిన చోట బట్ట చిక్కబడుతుందని కూడా గుర్తుంచుకోండి. 30 డిగ్రీల దగ్గర చదరపు మీటరు బరువు నూటికి 15 పాళ్లు పెరుగుతుంది, 45 దగ్గర 41 పాళ్లు. పొర మందమూ అదే లెక్కన పెరుగుతుంది. రెండు భాగాలు ఒకదానిలో ఒకటి దిగాల్సిన పని అయితే ఈ తేడా మీ కొలతల్లో కనబడుతుంది. అంతకన్నా ముఖ్యం, పోగుల దిశ మారిపోతుంది. ఒకే దిశ పొరలో పోగు బరువు దిశకు 10 డిగ్రీలు పక్కకు తిరిగితే, మామూలు కార్బన్, ఎపాక్సీ రెజిన్ జోడీలో ఆ దిశలో బిగువు దాదాపు ఐదింట రెండు వంతులు పోతుంది. కాబట్టి వాలు సాధ్యమే కదా అని ప్రతి మిగులునూ నేతలోకి తోసేయకండి. 30 డిగ్రీల దాకా నేతలో ఇమిడ్చుదాం, దాటితే కత్తెర పెడదాం అన్నది నేను పెట్టుకున్న హద్దు.

దిశ, మొదటి స్పర్శ

బట్టను 0, 90 డిగ్రీల్లో, అంటే ఒక వరస పోగులు నడిమి గీత వెంటా రెండో వరస దానికి అడ్డంగా వచ్చేలా, పరిచినప్పుడు మధ్యలో నిలువు గీతగా, అడ్డగీతగా పడే రెండు పోగుల వెంట వాలు ఉండదు. మిగులంతా నాలుగు ఐమూలల్లోకి చేరుతుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే సగం పని అయినట్టే. గుండ్రటి మూలలున్న పళ్లెంలాంటి అచ్చయితే మూలలు సరిగ్గా ఐమూలల్లోనే వస్తాయి, 0, 90 పొర చీలిక లేకుండా దిగుతుంది. పొడవుగా, సన్నగా, చక్రం మీద వంగినట్టుండే ముక్కకు 45 డిగ్రీల పొర హాయిగా దిగుతుంది. దర్జీలు క్రాస్ కటింగ్ అనేది దీన్నే.

బరువు మోసే భాగమైతే దిశను ముందు బరువే నిర్ణయించాలి. ఒదుగుబాటు ఆ తరువాతి మాట. మా తొడుగు మోసేది గాలినీ కుదుపునూ మాత్రమే కాబట్టి నాలుగు పొరలు పెట్టాను: 0–90, 45, 45, మళ్లీ 0–90. మధ్య నుంచి రెండు వైపులా ఒకేలా ఉంటే గట్టిపడ్డాక మెలిక తిరగదు. 200 గ్రాముల బట్టతో ఇది దాదాపు ఒక మి.మీ. మందం.

తరువాతి ప్రశ్న, బట్ట అచ్చును మొదట ఎక్కడ తాకాలి? అదే అచ్చు, అదే బట్ట, మొదటి స్పర్శ చోటు మారితే ముడతల చోట్లన్నీ మారతాయి. మామూలుగా వంపు ఎక్కువగా ఉన్న చోట, లేదా సమరూపం ఉన్న భాగంలో నడిమి గీత మీద మొదలుపెడతాను. అక్కడి నుంచి నిలువు పోగు వెంట, ఆపై అడ్డ పోగు వెంట నొక్కుకుంటూ వెళ్లాలి. ఆ తరువాతే ఒక్కో పావు భాగాన్ని సర్దాలి. ముడత లేస్తే పోగు దిశలో లాగకండి, అది సాగదు గనుక ఎంత లాగినా ప్రయోజనం లేదు. ఐమూలగా లాగండి, గడి వాలి ముడత కరిగిపోతుంది. ఎదురు మూలను వేరొకరు పట్టుకుంటే ఇంకా మంచిది. మొదటి స్పర్శ బిందువునూ ఆ రెండు గీతలనూ అచ్చు అంచు మీద చెరగకుండా గుర్తు పెట్టండి. నమూనా ముక్కలన్నీ వాటితోనే సరిపోలాలి.

టేపుతో నమూనా తీయడం

కంప్యూటర్ లేకుండా నమూనా తీయడానికి నాకు తెలిసిన నమ్మకమైన పద్ధతి కాగితపు మాస్కింగ్ టేపే. అచ్చు ముఖమంతా టేపు పట్టీలను ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా అంటించండి. రెండో పొరను మొదటిదానికి అడ్డంగా వేయండి. అప్పుడే తీసేటప్పుడు ఒకే చర్మంలా వస్తుంది. ఇప్పుడు దాని మీద పెన్నుతో గీయవలసినవి ఇవి: నడిమి గీత, 0 డిగ్రీల బాణం, మొదటి స్పర్శ బిందువు, భాగం అసలు అంచు, ముక్కలు కలిసే చోట జోడీ గుర్తులు. జోడీ గుర్తులు కనీసం మూడు ఉంటే తరువాత ముక్క జారినా పసిగట్టగలరు.

టేపును అచ్చు మీదే బ్లేడుతో కోయకండి. ఒకసారి నేను ఆ తప్పు చేశాను. టేపు దాటి బ్లేడు అచ్చు పైపూత అయిన జెల్‌కోటులోకి దిగింది. ఆ గీత వెంట్రుకంత సన్నం. ఆ అచ్చు నుంచి వచ్చిన ప్రతి భాగం మీదా అది కనబడింది, పాలిష్ చేసి తీయడానికి ఒక రోజంతా పట్టింది. చర్మాన్ని ఒలిచి తీసి, బల్ల మీద కత్తెరతో కోయండి.

ఒలిచిన చర్మాన్ని బల్ల మీద మధ్య నుంచి అంచుకు నొక్కుతూ చదును చేయండి. అది ఎక్కడ మొండికేస్తుందో చూస్తే అచ్చు కథంతా చెబుతుంది. గోళం భాగంలో అంచులు చిరిగి వి ఆకారంలో విచ్చుకుంటాయి. ఆ విచ్చుకున్న ఖాళీయే మిగులు బట్ట, ఆ మేర బట్టను తీసేయాలి లేదా వాలులో ఇమిడ్చాలి. జీను భాగంలో తిరగబడుతుంది: కాగితం అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉబ్బుతాయి. అంటే అక్కడ బట్టకు చీలిక పెడితే అది అచ్చు మీద తెరుచుకుంటుంది, ఆ ఖాళీని వేరే ముక్కతో పూడ్చాలి. ఈ రెంటినీ తారుమారు చేస్తే కోసేసిన చోట బట్ట చాలదు, మిగులున్న చోట ముడత లేస్తుంది.

అయితే కాగితంలో కనిపించిన ఖాళీ మొత్తాన్ని బట్టలో కోసేయకూడదు. కాగితం వాలదు, బట్ట వాలుతుంది. అర్ధగోళం నమూనా పోగుల దిశలో 157 మి.మీ. ఉండాలి, ఐమూలల్లో అంతకన్నా తక్కువ చాలు. అక్కడ గడి వాలి బట్ట అంచు వైపు పొడవవుతుంది కాబట్టి. అందుకే సరైన ముక్క గుండ్రంగా ఉండదు, నాలుగు కొసలు కొంచెం బయటికి పొడుచుకొచ్చిన ఆకారం వస్తుంది. మొదట చూసినప్పుడు తప్పు కత్తిరించామేమో అనిపిస్తుంది. అచ్చులో పెట్టి చూడండి.

చీలికలు, అతుకులు

గడి పరీక్షలో హద్దు దాటిన చోట్లలోనే చీలిక పెట్టండి. చీలికను ఉబ్బు శిఖరం దాకా తీసుకెళ్లకండి, వాలు 30 డిగ్రీల లోపుకు వచ్చే చోట ఆపండి. వీలైనంత వరకు పోగుల వెంటే కోస్తే తెగే పోగులు తక్కువ. బోల్టు రంధ్రాల దగ్గర, గట్టి మూలల దగ్గర, వంగుడు ఎక్కువగా పడే చోట చీలిక కొస రాకుండా చూడండి.

రెండు అంచులను ఆనించాలా, ఒకదాని మీద ఒకటి ఎక్కించాలా అన్నది పని మీద ఆధారపడుతుంది. ఆనిస్తే చదునుగా ఉంటుంది, కానీ ఆ పొరలో బరువు అక్కడే ఆగిపోతుంది. ఎక్కిస్తే బరువు దాటుతుంది, కానీ అక్కడ గట్టు లేస్తుంది. మా తొడుగులాంటి పలుచటి భాగానికి 12 నుంచి 20 మి.మీ. ఎక్కించడం సరిపోతుంది. పైకి కనిపించే మొదటి పొరలో అంచుకు అంచు ఆనించి, దాని వెనక పట్టీ వేస్తాను. బరువు మోసే భాగమైతే ఈ మేరను అనుభవంతో కాక లెక్కతోనో పరీక్షతోనో నిర్ణయించుకోండి.

పొర పొరకూ అతుకు చోటు మారాలి. ఒక పొర చీలిక మీదనే రెండో పొర చీలిక పడితే అక్కడ తలుపు పెట్టినట్టే. కనీసం 25 మి.మీ. పక్కకు జరపండి. మొదటి పొర నమూనాను రెండో పొరకు యథాతథంగా వాడే సోమరితనం ఇక్కడే దెబ్బ కొడుతుంది. నాలుగు పొరలకు నాలుగు నమూనాలు గీయడం విసుగే. తప్పదు.

కనిపించే పొరలో ట్విల్ గీతల సంగతి వేరే. కుడి ముక్కా ఎడమ ముక్కా ఒకే దిశలో కోస్తే నడిమి అతుకు దగ్గర ఐమూల గీతలు రెండు వైపులా ఒకే వైపు పరుగెడతాయి, చూడ్డానికి తల వంకరగా దువ్వుకున్నట్టుంటుంది. ఒక ముక్కను 90 డిగ్రీలు తిప్పి కోయండి, గీతలు వి ఆకారంలో కలుస్తాయి. శాటిన్ బట్టను మాత్రం తోచినట్టు తిరగేయకండి. దాని ఒక ముఖంలో పడుగు, రెండో ముఖంలో పేక ఎక్కువగా తేలి ఉంటాయి. ఏ పొర ఏ ముఖంతో ఉందో రాసుకోకపోతే సమరూపం చెడి భాగం మెలిక తిరుగుతుంది.

లోపలి మూలలు

అన్నిటికన్నా ఎక్కువ భాగాలు పాడయ్యేది ఇక్కడ. గుంట అచ్చులో లోపలి మూల వచ్చినప్పుడు రెండు వైపులా పట్టుబడిన బట్ట మూలలోకి దిగకుండా వంతెన కడుతుంది. పై నుంచి చూస్తే అంతా సరిగానే ఉంటుంది. అచ్చు విప్పాక ఆ మూలలో రెజిన్ ముద్దో బోలుగదో బయటపడుతుంది, గోరుతో తడితే పెళ్లలు రాలుతుంది.

మందు ఒకటే: మూలకు అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క, రెండూ మూల దాటి ఒకదాని మీద ఒకటి జారేలా నమూనాలోనే పెట్టండి. శూన్యపు సంచి (పొరల మీద కప్పి లోపలి గాలి తోడేసే ప్లాస్టిక్ సంచి) నొక్కినప్పుడు ఆ అతుకు జారి బట్ట మూలలోకి దిగుతుంది. మా తొడుగులో బిగింపు అంచు తిరిగే చోట నాలుగు పొరలకూ ఇలాగే చేశాను. ముందు మూలను వేళ్లతో నొక్కి, ఆ తరువాతే పక్కలకు వెళ్లాలి. ఒకే ముక్కతో మూల దాటించాలని పట్టుబడితే ఓడిపోతారు.

పొరలు ఎక్కువైతే మరో సంగతి. 2.5 మి.మీ. మందం ఉన్న పది పొరలు 90 డిగ్రీల మూల తిరిగితే బయటి ముఖానికీ లోపలి ముఖానికీ పొడవులో దాదాపు 4 మి.మీ. తేడా వస్తుంది. లోపలి పొరల నమూనాలను ఆ మేర తగ్గించకపోతే అవి మూలలో కుచ్చులు పడతాయి. ఒక మి.మీ. భాగానికి దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

కంప్యూటర్‌తో చేసేవారికి

ఆకారాన్ని చదును చేసే సౌకర్యం చాలా డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ఉంది, రైనోలో స్క్విష్ అనే ఆదేశం అలాంటిదే. వాటిలో చాలావరకు పదార్థాన్ని అన్ని దిశల్లోనూ కొంచెం సాగే, కుదించుకునే రేకులా భావిస్తాయి. మన బట్ట పోగు వెంట సాగదు, ఐమూలగా మాత్రం ధారాళంగా కదులుతుంది. అందుకే అలా వచ్చిన నమూనాను చిత్తుగానే చూడండి. పోగులను వలలా లెక్కించే కాంపోజిట్ సాఫ్ట్‌వేర్ దొరికితే అది వాలు కోణాల పటం కూడా ఇస్తుంది, అయినా మొదటి స్పర్శ బిందువూ దిశా మీరే చెప్పాలి. అవి తప్పయితే పటం అందంగానే వస్తుంది, బట్ట మాత్రం దిగదు. నమూనాను కాగితం మీద ముద్రించేటప్పుడు పక్కన 100 మి.మీ. చదరం కూడా ముద్రించి స్కేలుతో కొలవండి.

కత్తిరింపు

నమూనాలన్నీ తయారయ్యాక మందపాటి అట్ట మీదికి ఎక్కించి, చుట్టూ 30 మి.మీ. అదనం కలపండి. ప్రతి అట్ట మీదా పొర సంఖ్య, కుడి ఎడమ, 0 డిగ్రీల బాణం, పై ముఖం ఏదో రాయండి. అట్టలను బట్ట మీద అమర్చేటప్పుడు బాణం బట్ట అంచుకు సమాంతరంగా ఉండాలి, అంచు లేకపోతే ఒక పడుగు పోగును లాగి దారి చూసుకోండి. 45 డిగ్రీల ముక్కలు బట్టను బాగా తింటాయి. వాటిని ముందు సర్ది, మిగిలిన మూలల్లో పట్టీలూ పూడ్పు ముక్కలూ ఇరికించండి.

కోసే గీత మీద మాస్కింగ్ టేపు అంటించి దాని మధ్యలోంచి కోస్తే పోగులు రాలవు. ఈ టేపు బయటి అంచుల్లోనే, 30 మి.మీ. అదనంలోనే ఉండాలి, తరువాత అది కోతలో పోతుంది. చీలికల దగ్గర టేపు లోపల మిగిలిపోతే అక్కడ రెజిన్ అంటదు, అందుకే చీలికలకు టేపు బదులు పలుచగా స్ప్రే జిగురు కొట్టండి. కోసిన ముక్కను మూల పట్టుకొని ఎత్తకండి, 45 డిగ్రీల ముక్క చేతిలోనే పొడవైపోతుంది. కాగితం మీద పెట్టి కాగితంతో సహా తీసుకెళ్లండి, లేదా గొట్టానికి చుట్టండి. చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు మరవద్దు. పోగుల ధూళికి విద్యుత్తు పారుతుంది కాబట్టి తెరిచి ఉన్న కంప్యూటర్ దగ్గర ఈ పని పెట్టుకోకండి.

పొడి పరుపు

రెజిన్ కలపకముందు నాలుగు పొరలనూ పొడిగా, అసలు వరసలో ఒకసారి పరచండి. ప్రతి పొరకూ ఫోనుతో ఫొటో తీయండి. ముడత లేచిన చోట, ఖాళీ తెరుచుకున్న చోట, జోడీ గుర్తులు కలవని చోట అట్ట మీదే ఎర్ర పెన్నుతో ఎన్ని మి.మీ. కలపాలో, తీయాలో రాయండి. మా తొడుగులో మొదటి అట్టల ప్రకారం మెడ దగ్గర జీను వంపులో 9 మి.మీ. ఖాళీ వచ్చింది. ముక్కు దగ్గర పెట్టిన రెండు చీలికల్లో ఒకటి అనవసరమని తేలింది, వాలు 24 డిగ్రీలు దాటలేదు. ఆ చీలిక తీసేసి, మెడకు ఒక పూడ్పు ముక్క కలిపి, అట్టల మీద రెండో కూర్పు అని తేదీ వేశాను. పాత అట్టలను ఆ రోజే చించి పారేయండి. రెండు కూర్పులూ ఒకే గోడకు వేలాడితే ఏదో ఒక రోజు తొందరలో చేయి పాతదాని మీదే పడుతుంది.